నాలుగు మూలల గుడి

మా అత్తయ్య పన్నెండో రోజు భోజనాలు ముగిసి, రేపల్లె ఇంట్లోంచి చుట్టాలందరూ ఎవరి బస్సు వాళ్ళు ఎక్కి వెళ్ళిపోయాక, బెల్‌ఫాస్ట్ నుంచి మా మేఘన ఫోన్ చేసింది. అక్కడ మెడిసిన్ చదువుతోంది, క్లాసులు వదిలి రాలేకపోయింది. నాయనమ్మ సంగతులు ఒక్కొక్కటే అడుగుతూ అడుగుతూ ఆగి, "అమ్మా, ఆ గోడల్లేని టెంపుల్ గుర్తుందా? నాయనమ్మ సాక్సులతో తిరిగింది చూడు, అది," అంది. గుర్తులేకేం? పదేళ్ళుగా మా ఇంట్లో ఎవరం దాని పేరెత్తలేదు. అంతమాత్రాన మర్చిపోయామని కాదు. ఆ తరవాత మేఘన ఇంకో మాట కూడా చెప్పింది. అది విన్నప్పట్నుంచి నాకు వేరే పని తోచడం లేదు. కానీ ఆ రోజులు ఎలాంటివో ముందు చెప్పకపోతే ఆ మాట బరువు తెలియదు.

అప్పట్లో మేం ఇంగ్లండులో, స్టీవెనేజ్ అనే ఊళ్ళో రెండో అంతస్తు ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన రఘు కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు. తెలిసినవాళ్ళ కాంట్రాక్టులు ఒక్కొక్కటే ఆగిపోతున్న కాలం, ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడేవాడు. మేఘనకి ఎనిమిదేళ్ళు వచ్చాక, ఇక పిల్లలు లేరనుకున్న సమయంలో నాకు మళ్ళీ నెల తప్పింది. మా అమ్మ నా పెళ్ళికి ముందే పోయింది. అందుకని పురుడు పొయ్యడానికి అత్తయ్యే ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చింది. పొలం పని వదిలి రానని మామయ్య రేపల్లెలోనే ఉండిపోయాడు. అత్తయ్యంటే మా వైపు ఊళ్ళల్లో పెద్ద పేరు. ఎవరింట్లో సీమంతం జరిగినా మొదటి జత గాజులు ఆవిడే తొడగాలి. ఆవిడ చెయ్యి పడితే కాన్పు తేలిగ్గా అవుతుందని నమ్మకం. కారు పంపించి మరీ తీసుకెళ్ళేవాళ్ళు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో కొంచెం గర్వం కనిపించేది, అంతలోనే చీరకొంగు సర్దుకుని మాట మార్చేసేది.

ఇంగ్లండు చలికి ఆవిడ వేసిన వేషం ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. చీర మీద రఘు స్వెట్టరు, నెత్తిన మంకీ క్యాపు, కాళ్ళకి సాక్సులు, సాక్సుల మీద హవాయి చెప్పులు. అలాగే వచ్చి స్కూలు గేటు దగ్గర నిలబడేది. మేఘన సిగ్గుతో చచ్చిపోయేది. ఇంట్లో పోపు వేస్తే చాలు స్మోక్ అలారం కూసేది. దాన్ని అత్తయ్య ఊళ్ళో గేదెని అదిలించినట్టు అదిలించేది. వంటింటి కిటికీ తెరిచి, ఒక చేత్తో ఆవాలు వేస్తూ, ఇంకో చేత్తో అలారం కింద తువ్వాలు విసురుతూ నిలబడేది. రెండు చేతులూ ఒక లయలో ఆడేవి. ఆవిడ వచ్చాక మా ఫ్లాట్‌కి ఇంగువా, నువ్వుల నూనే, కర్పూరం కలిసిన వాసన పట్టింది. కింద అంతస్తు ముసలాయన మెట్ల మీద కనిపించినప్పుడల్లా ఏం వండారని మర్యాదగా అడిగేవాడు. పిల్ల స్కూలు నుంచి రాగానే గుప్పెడు ఉప్పు దిష్టి తీసి సింకులో పోసి కుళాయి తిప్పేది. నేను నవ్వేదాన్ని. అప్పటికి నాకు అన్నీ తెలుసు అనే ధీమా బాగా ఉండేది.

ఆ ధీమా ఒక మంగళవారం పొద్దున పోయింది. ఐదో నెల స్కాన్‌కి రఘూ నేనూ వెళ్ళాం. స్కాన్ చేసే అమ్మాయి మొదట్లో కబుర్లు చెప్పింది. తరవాత కబుర్లు ఆగిపోయాయి. తెర తన వైపు తిప్పుకుని, ఇప్పుడే వస్తానని వెళ్ళి, ఇంకొకావిణ్ణి తీసుకొచ్చింది. ఆవిడ చాలా నెమ్మదిగా చెప్పింది. బిడ్డ గుండెలో ఎడమ భాగం పెరగాల్సినట్టు పెరగడం లేదనీ, వచ్చే సోమవారం లండన్‌లో పెద్ద ఆస్పత్రిలో చూపించుకోవాలనీ, అప్పటిదాకా ఏమీ తేల్చలేమనీ. కార్లో కూర్చున్నాక రఘు చాలాసేపు తాళం తిప్పలేదు. సోమవారం దాకా ఎవరికీ చెప్పొద్దనుకున్నాం. అత్తయ్యకి అసలే చెప్పకూడదనుకున్నాం. చెబితే ఆ పూటే రేపల్లె మొత్తానికి తెలుస్తుంది, తెల్లారేసరికి నేను ఏం తిన్నానో ఎక్కడ తిరిగానో ఆరాలు మొదలవుతాయి. ఆ ఆరాలు నాకు కొత్త కాదు. మా చిన్నక్కకి కడుపు పోయినప్పుడు, బొప్పాయి దగ్గర మొదలుపెట్టి, అది సాయంత్రం మేడ మీద జుట్టు విరబోసుకోవడం దాకా అన్నీ తవ్వి పోశారు. పాపం, అది ఇప్పటికీ బొప్పాయి పండు ముట్టదు.

ఆ శుక్రవారంతో పిల్లలకి వారం రోజుల హాఫ్ టర్మ్ సెలవులు మొదలయ్యాయి. స్కూల్లో రోమన్ల పాఠం నడుస్తోంది. ఒక రోమన్ కట్టడం చూసొచ్చి దాని నమూనా చెయ్యాలని హోమ్‌వర్క్ ఇచ్చారు. మేఘనకి ప్రాణ స్నేహితురాలు నిత్య. వాళ్ళమ్మ ఆస్పత్రిలో నర్సు, ఆ శనివారం డ్యూటీ పడిందని పిల్లని మా దగ్గర దింపింది. ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడేలా ఉన్నాయని రఘు అందర్నీ బయలుదేరదీశాడు. అరగంట దూరంలో పొలాల మధ్య రోమన్ల నాటి పునాదులు ఉన్నాయట. అంతకు ముందు ఎక్కడికి రమ్మన్నా చలి అని రాని అత్తయ్య ఆ రోజు వస్తానంది. అక్కడ దేవుడెవరైనా ఉన్నాడా అని అడిగింది. పాత గుడి ఒకటి ఉందట, అన్నాడు రఘు, తల్లి కాస్త కదిలితే చాలనుకుని. ఆవిడ అప్పటికప్పుడు పులిహోర కలిపింది. పోపు వేస్తుంటే అలారం కూసింది. ఆ రోజు ఆవిడ తువ్వాలు విసరలేదు. అలారం అలా కూస్తూనే ఉంటే రఘు పరిగెత్తుకొచ్చి ఆపాడు. ఆవిడ మూకుడు వైపు చూస్తూ నిలబడి ఉంది, ఆవాలు మాడిపోయాయి. పెద్దతనం అనుకున్నాను.

ఆ చోటు పేరు చెప్పను. అక్కడికి వెళ్ళేవాళ్ళ తప్పేమీ లేదు, చోటు తప్పూ లేదు. బురద పొలం, దాని అంచున మోటర్‌వే, ఎడతెగని హోరు. మబ్బు కిందికి దిగి ఉంది. కారు పార్కింగ్ నుంచి అసలు దారి చుట్టూ తిరిగి వెళ్తుందని రఘు కంచె పక్క నుంచి అడ్డదారిన తీసుకెళ్ళాడు. మోకాలెత్తు రాతిగోడలు, ఇళ్ళవీ స్నానాల గదులవీ, గడ్డిలో గళ్ళు గళ్ళుగా ఉన్నాయి. పిల్లలిద్దరూ గోడల మీద నడుస్తూ, కింద పడితే సింహం తింటుందని అరుచుకుంటున్నారు. మిగతావాటికి దూరంగా, విడిగా ఒక చదరం ఉంది. ఒక చదరం లోపల ఇంకో చదరం, రెంటి మధ్య సన్నటి గులకరాళ్ళ బాట. మాకెవరికీ దాని సంగతి తెలియలేదు గానీ అత్తయ్య చూడగానే గుర్తుపట్టింది.

"ఇదిగో గర్భగుడి. ఇది ప్రదక్షిణ దారి. మూలవిరాట్టుని ఎవరో ఎత్తుకుపోయారు," అంది.

రఘు ఫోన్లో చూసి, నిజంగా గుడేనట, అప్పట్లో జనం ఆ బాట వెంట చుట్టూ తిరిగేవాళ్ళట అన్నాడు. సముద్రాలు దాటి వచ్చి, పలక పట్టి చదువుకోని మా అత్తయ్య అంత సరిగ్గా చెప్పడం మా అందరికీ ముచ్చటేసింది. ఆవిడ సంచీలోంచి పసుపు, కుంకుమ, సూపర్‌మార్కెట్‌లో కొన్న చేమంతులు తీసింది. లోపలి గోడ రాయి ఒకటి కొంగుతో తుడిచి బొట్టు పెట్టింది. చెప్పులు విప్పమంది నన్ను. తడి గడ్డి, అక్టోబరు చలి, వద్దన్నాను. "మూడంటే మూడు చుట్లు తిరుగు అమ్మాయ్, ఏ దేవుడైతేనేం," అంది. ఆ గొంతులో ఏదో ఉంది, కాదనలేకపోయాను. ఇద్దరం సాక్సులతో ఆ గులకరాళ్ళ మీద నడిచాం. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ముందు నడుస్తూ పెదాలతో ఏదో చదువుకుంటోంది. మంగళవారం నుంచి నేను లోపల గడ్డకట్టుకుపోయి ఉన్నాను. మూడో చుట్టులో, ఒక మూల తిరుగుతుండగా, పాప గట్టిగా కదిలింది. నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. నమ్మకం లేనిదాన్నే, ఆ క్షణంలో ఆ ఖాళీ గుడికి చేతులెత్తి దణ్ణం పెట్టాను.

పిల్లలు అప్పటికి అసలు దారి వైపున్న బోర్డు దగ్గరికి చేరి హోమ్‌వర్క్ కోసం చదువుకుంటున్నారు. మేం అడ్డదారిన వచ్చాం కాబట్టి ఆ బోర్డు మాకు కనబడలేదు. ఇద్దరూ ఎగురుకుంటూ వచ్చి ఆట ఆడదామన్నారు. మేఘన ఒక మూలలో నిలబడింది. నిత్య ఎదురు మూలకి పరిగెత్తింది. "ఆంటీ, యూ స్టాండ్ దేర్," అని నన్ను మూడో మూలలో నిలబెట్టింది. మిగిలిన మూలలో నాయనమ్మని నిలబెట్టారు. ఇద్దరమూ నవ్వుతూ నిలబడ్డాం, పిల్లల ఆట కదా అని. చేతులు ముడుచుకుని కళ్ళు మూసుకోమన్నారు. మూసుకున్నాం. మోటర్‌వే హోరు తప్ప ఏమీ వినబడలేదు.

"నౌ వి ఆర్ ద బేబీస్," అంది నిత్య.

అత్తయ్యకి అర్థం కాక ఏమిటందని అడిగింది. మేఘన తనకి వచ్చిన తెలుగులో వివరంగా చెప్పింది, టీచరు మెచ్చుకోవాలన్నంత శ్రద్ధగా. "నాయనమ్మా, ఈ టెంపుల్ కట్టేప్పుడు బేబీస్‌ని కింద పెట్టారు. ఒక్కో కార్నర్‌లో ఒక బేబీ. నువ్వు నించున్నావే, దాని కిందే." చచ్చిపోయిన పిల్లల్నా అని అడిగింది అత్తయ్య. మేఘన బోర్డు దగ్గరికి వెళ్ళి మళ్ళీ చూసొచ్చి, "చచ్చిపోయాక పెట్టారో, పెట్టడానికి చంపారో తెలీదంట," అంది. పిల్లలకి అందులో భయం ఏమీ లేదు. ఎవరి మూల కింద ఉన్నది అబ్బాయో ఎవరి మూల కింద ఉన్నది అమ్మాయో అని వాదించుకోవడం మొదలుపెట్టారు. నా పొట్ట మీద చెయ్యి దానంతటదే వచ్చి పడింది. పాప కదిలింది ఈ మూలలోనే అని గుర్తొచ్చింది.

అత్తయ్య మూల వదిలి, చెప్పులు వేసుకోకుండానే నడుచుకుంటూ వెళ్ళి చెట్ల కింద తడి గడ్డిలో కూలబడింది. రఘు సర్దిచెప్పబోయాడు. అంతగా అనిపిస్తే వెనక్కి మూడు చుట్లు తిరిగితే సరిపోతుందిగా అన్నాడు, కంప్యూటర్ మీట నొక్కి సరిచేసే ఉద్యోగం తనది. అలా ఎదురు తిరిగేది చితి చుట్టూరా అంది అత్తయ్య. ఆ మాటతో తను పిల్లల దగ్గరికి వెళ్ళిపోయాడు.

నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. అప్పుడు చెప్పింది, నా మొహం చూడకుండా, ఆ రాళ్ళ వైపే చూస్తూ. రఘుకి ముందు ఆవిడకి ఇంకొక కొడుకు పుట్టాడట. పురిట్లోనే పోయాడు. పసివాళ్ళని కాల్చరు కదా, పెరటి వసారా చూరు కింద పెట్టారు. ఆవిడ అత్తగారు ఊరందరికీ చెప్పిందట, కోడలు గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకుందని.

"నేను ముట్టుకోలేదమ్మాయ్. కానీ నన్నెవరూ అడగలేదు. ఆవిడ పోయేదాకా చెప్తూనే ఉంది. వాన పడ్డప్పుడల్లా చూరు నీళ్ళు ఆ చోటే పడేవి. అక్కడ నిలబడ్డానికి కూడా ఒప్పుకునేది కాదు," అంది.

రఘుకి ఆ సంగతి తెలుసా అని అడిగితే తెలియదంది. తెచ్చిన పులిహోర ఎవరం తినలేదు. దారిలో పిల్లలు మాత్రం వెనక సీట్లో వేళ్ళు నాక్కుంటూ తిన్నారు. మాడిన ఆవాల వాసన కారంతా పట్టింది.

సోమవారం లండన్ డాక్టర్లు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. పుట్టాక ఆపరేషన్లు చెయ్యొచ్చు, ఆశ మాత్రం ఎక్కువ పెట్టుకోవద్దు. మోస్తాననే అన్నాను. ఆ చలికాలమంతా మా ఫ్లాట్‌లో ఎవరి భయం వాళ్ళు దాచుకుని తిరిగాం. నేను పరీక్షలకి వెళ్తున్నానని మాత్రమే అత్తయ్యకి చెప్పాం. ఎందుకన్ని పరీక్షలని ఆవిడ ఒక్కసారీ అడగలేదు. అడగకపోవడం నాకు అప్పుడు వింతగా తోచలేదు, ఊపిరి పీల్చుకున్నాను. సాయంత్రం నాలుగింటికే చీకటి పడేది. పిల్లలు అట్టముక్కలతో గుడి చేశారు, బంకమట్టితో నాలుగు పాపలు చేసి నాలుగు మూలల్లో పడుకోబెట్టారు. అది మా హాల్లో కిటికీ గట్టు మీద ఉండేది. అత్తయ్య ఆ పాపల్ని తీసి సొరుగులో పెట్టేది. మేఘన వెతికి తెచ్చి మళ్ళీ పడుకోబెట్టేది, లేకపోతే మార్కులు పోతాయని. ఇద్దరూ ఒక మాట అనుకోకుండా రోజూ ఇదే పని. సెలవులు అయిపోయి బడికి వెళ్ళిన గుడి బంగారు నక్షత్రం అతికించుకుని ఇంటికి తిరిగొచ్చింది. మళ్ళీ అదే గట్టు మీద కూర్చుంది. దాన్ని పారేసే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

పాప మార్చి నెలలో పుట్టింది. పొద్దున పుట్టి దీపాలు పెట్టే వేళ దాకా ఉంది. రఘు పోలిక, నుదురు మాత్రం నాది. మనకి పదకొండో రోజు దాకా పేరు పెట్టే పని లేదు. అక్కడ పుట్టుకా చావూ రెండూ రాయించాలి, రెంటికీ పేరు కావాలి. పెట్టాం. ఆ పేరు ఇక్కడ రాయను. కౌన్సిల్ శ్మశానంలో పసిపిల్లలకి వేరే వరస ఉంది. గాలికి తిరిగే రంగు కాగితం చక్రాలు, వానకి తడిసిన బొమ్మలు. ఆడవాళ్ళు రాకూడదు కదమ్మా అని రఘు అంటే, అప్పుడు నన్ను వెళ్ళనివ్వలేదు, ఇప్పుడు వెళ్తాను అంది అత్తయ్య. వచ్చింది. మట్టి వేసింది. నేను ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చాను, అమ్మ లేని లోటు ఆ ఒక్క గంటా నాకు తెలియలేదు.

మర్నాటి నుంచి ఇండియా ఫోన్లు మొదలయ్యాయి. ప్రతి ఫోనూ అత్తయ్యే ఎత్తేది. ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెప్పేది. "నేనే చేశానమ్మా. గుడి అనుకుని పసిపిల్లల బొందల చుట్టూ తిప్పాను. పిల్ల వద్దంటున్నా వినకుండా నేనే తిప్పాను." పక్క గదిలో పడుకుని వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. నా బిడ్డ చావుని ఊళ్ళో అరుగుల మీద చెప్పుకునే దెయ్యం కథ చేస్తోందనిపించేది. ఒకరోజు ఉండబట్టలేక లేచి వెళ్ళి, అది గుండె జబ్బు, ఎవరి చుట్టూ తిరిగినా వచ్చేదే, డాక్టర్లు చెప్పారు అని గట్టిగానే అన్నాను. ఆవిడ ఫోను మూసి, "డాక్టర్లు చెప్పింది నీకూ వాడికీ. మనవాళ్ళకి ఇది చాలు," అంది. ఇంత మూర్ఖత్వం ఉంటుందా అనుకున్నాను. వీసా గడువు ముగిసి ఆవిడ వెళ్ళిపోయేటప్పుడు విమానాశ్రయంలో కూడా మా మధ్య ఆ పొర అలాగే ఉంది.

తరవాత మేం ఊరికి వెళ్ళినప్పుడల్లా గమనించాను. అత్తయ్య కోసం కార్లు రావడం మానేశాయి. సీమంతాలకి పిలుపులు వచ్చేవి గానీ గాజులు ఇంకెవరో తొడిగేవారు. ఒకసారి మా తోడికోడలి సీమంతంలోనే, గాజుల పళ్ళెం ఆవిడ ముందు నుంచి దాటి పక్కావిడ చేతికి వెళ్ళింది. అత్తయ్య లేచి వంటింట్లోకి వెళ్ళి తాంబూలాలు సర్దింది. ఆ రోజు మాత్రం ఆవిడ కోసం నా గుండె తరుక్కుపోయింది. నన్ను చూస్తే అందరూ జాలిగా చెయ్యి పట్టుకునేవారు. ఏం తిన్నావమ్మా, ఎక్కడ తిరిగావమ్మా అని నన్ను ఒక్కరు, ఒక్కసారి కూడా అడగలేదు. మనవాళ్ళు కూడా మారుతున్నారు కాబోలు, మా చిన్నక్క కాలం వేరు అనుకున్నాను. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో, లండన్ దగ్గర క్రోయిడన్‌లో ఉండే మన అమ్మాయిలకి అత్తగార్లు పంపే జాబితాలు చూస్తుంటే తెలుస్తోంది, ఏమీ మారలేదు. బొప్పాయి, గ్రహణం, విరబోసిన జుట్టు, అన్నీ అలాగే ఉన్నాయి. నా దగ్గరికి మాత్రం రాలేదు, అంతే.

అత్తయ్య పన్నెండో రోజు భోజనాలయ్యాక వచ్చిన ఆ ఫోన్లో మేఘన గొంతు తగ్గించి చెప్పింది. "నాయనమ్మకి స్కాన్ సంగతి తెలుసమ్మా. టెంపుల్‌కి వెళ్ళిన రోజు మార్నింగే తెలుసు. నువ్వూ నాన్నా మాట్లాడుకుంటుంటే విన్నా. కిచెన్‌లోకి వెళ్ళి, బేబీ హార్ట్ బాలేదంట నాయనమ్మా, అని చెప్పేశా. పాన్ మీద ఆవాలు మాడిపోయాయి, అలారం మోగింది. మీ అమ్మకి నాకు తెలుసని చెప్పకే, తెలిస్తే నన్ను కూడా ఓదార్చాల్సొస్తుంది తనకి, అంది."

నేను రేపల్లె ఇంటి పెరట్లో నిలబడి వింటున్నాను. ఆ వసారా ఇప్పుడు లేదు, అక్కడ స్లాబు వేసి బాత్‌రూమ్ కట్టారు. ఆ గుడి వల్లే అని ఆవిడ ఎప్పుడైనా నమ్మిందా అంటే, సగం నమ్మే ఉంటుందనుకుంటాను. ఆ చెట్ల కింద కూలబడ్డ మనిషి మొహం నటన కాదు. మిగతా సగం సంగతి మేఘనే చెప్పింది. పాప పోయిన మర్నాడు, జడ వేస్తూ, నాయనమ్మ దానికి ఒక పాఠం నేర్పిందట. తెలుగు తడబడే ఆ పిల్ల ఈ మాటలు మాత్రం పదేళ్ళుగా ఒక్క అక్షరం పోకుండా దాచుకుంది.

"ఎవరైనా ఫోన్లో అడిగితే హార్ట్ అని చెప్పకే తల్లీ. గుండె అంటే మీ అమ్మ కడుపునంటారు. గుడి అంటే నన్నంటారు. నన్ననుకోనీ."